నర్సమ్మగారి మూడు ప్రశ్నలు

పొద్దున్నే స్నానాలగదిలోంచి గుడగుడమని చప్పుడు వస్తోంది. మా అమ్మాయి వేణి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. జ్ఞానదంతం దగ్గర చిగురు పోటు పెడుతోందట. సాయంత్రం అయిదింటికి రాజమండ్రిలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని నిన్ననే ఫోనులో పేరు రాయించుకుంది. వంటింట్లో బియ్యం కడుగుతున్న నా చేతులు ఆ చప్పుడుకి ఆగిపోయాయి. పాతికేళ్ళ కిందట మా లంకలో ఏ పెరట్లోకి తొంగిచూసినా ఈ చప్పుడే వినిపించేది. ఊరంతటి చేతా అలా పుక్కిలి పట్టించింది మా నర్సమ్మగారు.

మా ఊరు గోదావరి మధ్యలో ఉన్న లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో అరటి, కొబ్బరి, వంగతోటలు, కాస్త పొగాకు. కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకి నాకు అక్కడే అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. సుగుణకుమారిగారు మా లంకకీ పక్క లంకకీ కలిపి ప్రభుత్వం వేసిన నర్సు. ఊళ్ళో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, అందరికీ నర్సమ్మగారే. నా పై అధికారి కాగితం మీద వేరే ఆవిడ. పని నేర్పింది మాత్రం ఈవిడే. మనిషి పొట్టి, అంగలు మాత్రం పెద్దవి. ఆవిడ వెనక ఊరు తిరిగిన రోజున నాకు పిక్కలు పట్టేసేవి. బాలింతలు, పసిపిల్లల టీకాలు, పోలియో చుక్కలు ఆవిడ పని. పళ్ళు ఆవిడ పని కాదు. కానీ పన్నునొప్పి ఎవరి పని ఏమిటో కనుక్కుని వస్తుందా?

అప్పట్లో మాకు పళ్ళ డాక్టరంటే రాజమండ్రే. పడవ దాటి, బస్సెక్కి, అక్కడ వరసలో కూర్చుని, మళ్ళీ ఆఖరి పడవ అందుకోవాలి. అందుకని ఎవరి వైద్యం వాళ్ళదే. ఒకరు పుచ్చులో పొగాకు కుక్కేవారు, ఒకరు కర్పూరం, ఒకరు ఇంగువ. తలనొప్పి మాత్రని మింగకుండా చిగురు మీద పెట్టుకుని, ఆ చిగురు కాస్తా కాల్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో మొదటివారు మా మామగారు. ఆ సంగతి బయట చెప్పనని నా చేత మాట కూడా తీసుకున్నారు. ఇప్పుడాయన లేరు కనక చెబుతున్నాను.

నేను చేరిన కొత్తలో ఒకరోజు సూర్యారావు తాత చెంప పట్టుకుని మా కేంద్రానికి వచ్చాడు. నర్సమ్మగారు ఆయన్ని అరుగు మీద వెలుగు వైపు తిప్పి కూర్చోబెట్టారు. టార్చిలైటు నా చేతికిచ్చి, స్పూను కాడతో చెంప పక్కకి జరిపి చూశారు.

“నోరు పూర్తిగా తెరుచుకుంటోందా తాతా?”

“ఇంకెంత తెరవమంటావమ్మా? గోదారంతా పోస్తావా ఏంటి?”

“గుటక పడుతోందా?”

“పొద్దుట్నుంచి మూడు కాఫీలు పడ్డాయి.”

“జ్వరం గానీ, వాపు గానీ ఉందా?”

“లేదమ్మా.”

“అయితే ఈ వారానికి నేనూ ఉప్పునీళ్ళూ చాలు. వచ్చేవారం రాజమండ్రి వెళ్ళాలి. నొప్పి తగ్గింది కదా అని ఇంట్లో కూర్చున్నావంటే నేనే వచ్చి పడవెక్కిస్తాను.”

పళ్ళ సందులో ఇరుక్కున్నది దారంతో తీసి, లవంగనూనెలో ముంచిన దూది పుచ్చులో పెట్టి పంపించారు. ఆయన వెళ్ళాక నాతో అన్నారు: “ఆ మూడూ గుర్తుపెట్టుకో పద్మా. మూడింటికీ జవాబు మంచిదైతే మన దగ్గర ఆగొచ్చు. ఒక్కటి తేడా వచ్చినా ఇంక మన చేతిలో లేదు, రేవు దారి పట్టడమే.” తరువాత ఆ ప్రశ్నలు పట్టుకుని నేను యాభై గడపలు తొక్కి ఉంటాను. కొన్నాళ్ళకి జనం నన్ను చూడగానే నోరు తెరిచేవారు.

అవతలి ఒడ్డున ఆదివారం సంతలో ఒకాయన గొడుగు కింద కూర్చుని పళ్ళు పీకేవాడు. పీకినవన్నీ ఎర్రగుడ్డ మీద పరిచి పెట్టేవాడు, అదే ఆయన బోర్డు. మా ఊళ్ళో ఆయనకి మంచి పేరు. “చదువుకోనివాడు పీకుతున్నాడు, చదువుకున్న మీరు పీకలేరేంటండీ?” అని నర్సమ్మగారిని మొహం మీదే అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ మాత్రం సంచి సర్దుకుంటూ, “ఆయనకి వచ్చో రాదో నాకు తెలీదండి. నాకు మాత్రం రాదు. రానిది మీ నోట్లో నేర్చుకోమంటారా?” అనేవారు. లంకలో పనిచేసినన్నేళ్ళూ ఆవిడ ఒక్క పన్ను కూడా పీకలేదు. ఈ మాట నేను ఎవరి దగ్గరైనా గర్వంగా చెబుతాను.

వేణికి ఆరో ఏడు నడుస్తుండగా, శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది. వరద నీటిని మేము అలాగే అంటాం. రేవులో పడవలు కట్టేశారు. నర్సమ్మగారు అవతలి ఒడ్డున ఉన్న ఇల్లు చేరే దారిలేక మా కేంద్రంలోనే ఉండిపోయారు. అంతకు పది రోజుల ముందు నుంచీ వేణి కింది దవడ పన్ను నొప్పి అంటూనే ఉంది. పాలపన్నే కదా, ఊడిపోయేదే కదా అనుకున్నాను. ఒక పొద్దుట లేచేసరికి చెంప ఉబ్బి ఉంది.

మా అత్తగారు చూసి, “గవదబిళ్ళలే అమ్మాయ్,” అని తేల్చేశారు. తన మెళ్ళో గొలుసు తీసి పిల్ల మెళ్ళో వేశారు. గవదబిళ్ళలకి బంగారం తగిలితే వాపు దిగుతుందని మా వైపు నమ్మకం. బయటికి పంపకూడదు, గాలి తగలకూడదు. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే గొలుసు మీద నమ్మకంతో కాదు. గవదబిళ్ళలైతే ఆ నీటిలో ఏరు దాటక్కర్లేదు. అందుకని అవి గవదబిళ్ళలే కావాలనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి నేను కేంద్రానికి రాలేదేమని నర్సమ్మగారే మా ఇంటికి వచ్చారు. వేణిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోరు తెరవమన్నారు. వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. వాపు దవడ కిందకి దిగింది. గుటక వేయలేక పిల్ల చొల్లు కారుస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది.

ఆవిడ నా వైపు చూశారు. “అడిగావా పద్మా?”

నేను పిల్ల మెళ్ళో గొలుసు సర్దాను.

“గొలుసు వేశాం కదమ్మా, ఇంకో రెండ్రోజులు చూస్తే...” అంటున్నారు మా అత్తగారు.

“గొలుసు ఉండనివ్వండి పిన్నిగారూ, తియ్యకండి. పిల్లని మాత్రం నాకివ్వండి,” అని నర్సమ్మగారు వేణిని భుజాన వేసుకుని రేవుకి నడిచారు. నేనూ మా ఆయనా వెనక పరుగెత్తాం.

రేవులో చేపలుపట్టే సత్తిబాబు పడవకి కాపలా కూర్చుని ఉన్నాడు. “అయ్యబాబోయ్, ఈ నీటిలోనా అండి? దుంగలు కొట్టుకొస్తున్నాయండి,” అన్నాడు. మా ఆయన చేతులు పట్టుకుని బతిమాలబోతే నర్సమ్మగారు ఆపారు.

“ఏరు నాకు తెలీదు సత్తిబాబూ, నీకు తెలుసు. దాటకూడదంటే దాటకూడదని చెప్పు, నిన్ను బలవంతం చెయ్యను. కానీ పిల్లకి ఇంక టైము లేదు.”

అతను వేణి మొహం చూశాడు. తరువాత ఎగువ నుంచి దిగువకి నీటి వాలు చూశాడు. “నేరుగా దాటలేమండి. ఒడ్డమ్మటే పడవని పైకి లాక్కెళ్ళి వదిలితే, కిందకి జారుతా జారుతా అవతలి రేవుకి తగులుతాం. లాగడానికి నలుగురు కావాలి. ఆయ్, వెళ్దాం పదండి.”

మా ఆయన ఊళ్ళోంచి పిలుచుకొచ్చిన నలుగురూ తాడుతో పడవని ఎగువకి లాగారు. దాటుతున్నంతసేపూ నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. నర్సమ్మగారు మాత్రం వేణిని నిటారుగా పట్టుకుని, మొహం మీద చూపు తిప్పకుండా, ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నారు.

అవతలి ఊరి ఆసుపత్రిలో డాక్టరుగారు దవడ కింద కోసి చీము తీశారు. రేపటిదాకా ఆగి ఉంటే గొంతు మూసుకుపోయేదన్నారు. వరండాలో బల్ల మీద కూలబడి ఏడ్చాను. “యాభై ఇళ్ళలో అడిగానండి. నా ఇంట్లో అడగలేకపోయాను.”

తిట్టినా పడేదాన్ని. ఆవిడ తిట్టలేదు. నా పక్కన కూర్చుని, “మా ఆయన గుండెల్లో మంట అంటే సోడా తాగమన్నానమ్మా నేను. పక్కింటాయన అని ఉంటే పరుగున తీసుకెళ్ళేదాన్ని. మనవాళ్ళనేసరికి జవాబుకి భయపడి అడగం. అప్పట్నుంచే ప్రతి నొప్పికీ ఇలా ప్రశ్నలు పెట్టుకున్నాను. భయమేసినా వరసలో అడిగెయ్యొచ్చని,” అన్నారు. ఆవిడ భర్త పోయారని తెలుసు. ఎలా పోయారో ఆ రోజే తెలిసింది.

వేణి వారం రోజులకి ఇల్లు చేరింది. తరువాత రాజమండ్రి తీసుకెళ్ళి ఆ పన్ను తీయించాం. ఆ చలికాలంలో పక్కింటి పిల్లాడికి చెంప వాచిందని కబురొస్తే మా అత్తగారు గొలుసు పట్టుకుని బయలుదేరారు. నేనూ పరుగెత్తాను. వెనకే వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి, “ముందు నోరు తెరవమనండి. మింగుతున్నాడా? ఒళ్ళు వెచ్చగా ఉందా? అవి చెప్పండి, గొలుసు సంగతి తరువాత,” అంటున్నారు. నర్సమ్మగారికి చెబితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఆ మరుసటి ఏడే నర్సమ్మగారికి దూరం బదిలీ అయింది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఒక్క పన్నూ పీకని మనిషికి, ఊళ్ళో అన్ని నోళ్ళూ తెలుసు.

స్నానాలగదిలో చప్పుడు ఆగింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. నేను నోరు విప్పకముందే లోపలినుంచి వేణి అంది: “తెరుచుకుంటోంది, గుటక పడుతోంది, జ్వరం లేదమ్మా.”

నర్సమ్మగారి మొహం దానికి గుర్తు లేదు. దవడ కింద చిన్న మచ్చ ఉంది, ఈ మూడు జవాబులూ ఉన్నాయి. అయినా సరే, టార్చిలైటు తెచ్చి, స్పూను కడిగి, బయటికి రాగానే వేణిని కిటికీ దగ్గర వెలుగు వైపు కూర్చోమన్నాను.