‘లేరు’ అనే మాట

జగదల్‌పూర్‌లో ఎం.ఏ. చేరానని చెబితే మా అమ్మ సబ్జెక్టేమిటని అడిగింది. ఫిలాసఫీ అన్నాను. అందులో ఏం చెబుతారంది. మొదటి పేపరు సత్తామీమాంస అన్నాను.

"సత్తా ఒంట్లో ఉండాల గానీ, దానికి సదువేటే?" అంది.

హిందీలో సత్తా అంటే అధికారం. అందుకని పక్క క్వార్టర్ ఆంటీ నేను రాజకీయాల్లోకి వెళ్తున్నాననుకుంది. ఉండటం అంటే ఏమిటి, ఉన్నదని దేన్ని అనొచ్చు అని ఆలోచించే చదువని వాళ్ళిద్దరికీ చెప్పే ప్రయత్నం చేసి మానుకున్నాను. అప్పటికి నాకే అర్థం కాలేదు.

మాది బచేలి. విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఇనుప గనిలో పనికి వచ్చి నాన్న ఇక్కడే ఉండిపోయాడు. నేను మూడో తరగతిలో ఉండగా కామెర్లతో పోయాడు. కంపెనీ అమ్మకు ఆసుపత్రి వంటగదిలో ఉద్యోగం, ఒక చిన్న క్వార్టరు ఇచ్చింది. బళ్ళో కొత్త టీచరు వచ్చినప్పుడల్లా మీ పితాజీ ఏం చేస్తారని అడిగేవారు. నేను తెలుగులో అనుకుని హిందీలో చెప్పేదాన్ని: "నహీఁ హైఁ." తెలుగువాళ్ళతో ‘లేరు’ అంటే చాలు, ఇంకేమీ అడగరు. ఆ టీచర్లు మాత్రం ఇంట్లో లేరా, ఊళ్ళో లేరా అని మళ్ళీ అడిగేవారు. పోయారని చెప్పాలంటే ‘నహీఁ రహే’ అనాలని చాలా ఆలస్యంగా తెలిసింది.

కాలేజీలో మా క్లాసుకి కొద్దిమందిమే. పక్కన కూర్చునే అమ్మాయితో మొదటి వారమంతా హిందీలోనే మాట్లాడాను. ఒకరోజు మెట్లు దిగుతుంటే ఆమె చెప్పు తెగింది. "ఏందిది, ఇప్పుడే తెగాల్నా" అని గొణుక్కుంది.

"నీకు తెలుగొచ్చా?" అన్నాను.

"వస్తది. నీకు గూడ వస్తదా?"

ఆ మెట్ల మీదే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం. వాళ్ళది కోంటా బ్లాకులో, మరైగూడ వైపు ఒక పల్లె. పొలం, అడవి చూసుకుని బతికే కుటుంబం. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, బళ్ళో హిందీ. జగదల్‌పూర్ వచ్చాక హల్బీ కూడా పట్టుకుంది. ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నావంటే, "హిస్టరీ సీట్లు అయిపోయినయ్" అంది.

ఆ నెలలోనే ఇద్దరం కలిసి ఒక గది తీసుకున్నాం. రేకుల కప్పు, ఒక కిటికీ, కిటికీ అవతల ఎవరిదో పనస చెట్టు. అమ్మ పంపే ఆవకాయ, ఆమె ఇంటి నుంచి వచ్చే ఎండుచేపలు, సంతలో కొన్న టమాటాలు. పుస్తకాలన్నీ హిందీలో, అదీ సంస్కృతం నిండిన హిందీలో ఉండేవి. సాయంత్రం అన్నం ఉడికేలోపు ఆమె ఒక పేరా చదివేది, నేను తెలుగులో చెప్పేదాన్ని, ఆమె దాన్ని దోర్లీలో తనకు తాను చెప్పుకునేది. ఆ రెండో భాష దాటి కూడా మిగిలిందే అర్థమైనట్టు లెక్క. ఇప్పుడు ఎంత సదుపాయమైన గదిలో కూర్చుని చదివినా ఆ వేగం, ఆ ఆకలి రావడం లేదు.

మా సారుది ఎప్పుడో వలస వచ్చి స్థిరపడ్డ బెంగాలీ కుటుంబం. చాలా చిన్న గొంతు. వాన పడితే క్లాసులో ఆయన మాట వినబడేది కాదు. అప్పుడు పాఠం ఆపి, మాతోపాటు కిటికీ దగ్గర నిలబడి వాన చూసేవారు. ఒకసారి ‘హై’ అనే మాట గురించి చెబుతున్నారు. ఇది కుండ అనాలన్నా, కుండ ఉంది అనాలన్నా హిందీలో అదే ‘హై’. తెలుగులో అలా కాదని నా స్నేహితురాలు చెప్పింది. "ఇది కుండ. అంతే సర్. ఉన్నది అని మళ్ళా చెప్పం."

ఆయన ఆ వాక్యం మళ్ళీ అనమన్నారు. తర్వాత తనూ అన్నారు, ‘కుండ’ని ‘కుందా’ చేస్తూ. ఆ రోజంతా వరండాలో ఎదురైనప్పుడల్లా మమ్మల్ని చూసి "ఇది కుందా" అనేవారు.

రెండో ఏడాది వానల చివర్లో ఆమె తండ్రి జ్వరంతో చనిపోయాడు. ఊరి నుంచి ఫోను వచ్చిన గంటలో బస్సెక్కి వెళ్ళింది. వెనక్కి వచ్చాక చాలా రోజులు పుస్తకం ముట్టుకోలేదు. కోతలయ్యాక ఒకరోజు బియ్యం ఏరుతూ అంది:

"నాయనను ఇంటికి తెస్తున్నరు. వస్తవా?"

"ఎక్కడి నుంచి?"

"వాగు కాడికెల్లి."

ఇంకేమీ అడగకుండా బట్టలు సర్దుకున్నాను. సుక్మా మీదుగా కోంటా, అక్కడి నుంచి ఆటో, ఆపైన పొలం గట్ల మీద నడక. మర్నాడు పొద్దున్నే ఇంటివాళ్ళంతా వాగుకి బయల్దేరారు. ముందు వాళ్ళ చిన్నాన్న, వెనక వాళ్ళమ్మ, ఆ వెనక మేమిద్దరం. నీళ్ళు తగ్గి రాళ్ళు తేలి ఉన్నాయి. చిన్నాన్న మోకాళ్ళ లోతులో నిలబడి అన్నను పేరు పెట్టి పిలిచాడు. పొలం నుంచి భోజనానికి పిలిచినట్టే పిలిచాడు. కాసేపు ఆగి మళ్ళీ పిలిచాడు. ఎవరూ తొందరపడలేదు. చివరికి రాళ్ళ మధ్య ఒక చిన్న చేప కదిలితే దోసిట్లో పట్టి, ఆకుదొన్నెలో నీళ్ళతో సహా వదినె చేతికిచ్చాడు. ఆమె దాన్ని కొంగు కింద పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా ఇంటి దాకా నడిచింది.

ఇంటి లోపలి గదిలో వాళ్ళ పెద్దల కుండ ఉంది. ఆ కుటుంబంలో పోయినవాళ్ళంతా ఉండేది అక్కడే. దొన్నెను ఆ కుండ పక్కన పెట్టి అన్నం, ఇప్పసారా పెట్టారు. ఆ తర్వాత చిన్నాన్న చేపను మళ్ళీ వాగులో వదిలి వచ్చాడు.

బయట అరుగు మీద నా స్నేహితురాల్ని మెల్లగా అడిగాను. "ఆ చేప మీ నాన్నేనా?"

"చేప చేపే. నాయన నాయనే. వచ్చేతప్పుడు తోడొచ్చింది, మళ్ళా పోయింది" అంది. ఆ నెలల్లో మొదటిసారి ఆమె ముఖం తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ వాళ్ళమ్మ నా గురించి అడిగింది. "మీ నాయన ఏం జేస్తడు బిడ్డా?"

"లేరమ్మా. నా చిన్నప్పుడే పోయారు."

"మరి ఇంటికి తోలుకొచ్చుకున్నారా?"

"లేదు. విజయనగరం దగ్గర, నాన్న సొంతూరి ఏట్లో అస్థికలు కలిపారు."

ఆమె గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. "ఆడనే ఉన్నడా? ఒక్కడేనా?"

ఆమె నాకేదో నేర్పాలని అడగలేదు. బస్టాండులో ఎవరినో మరిచి వచ్చామని తెలిసినట్టు కంగారుపడింది, అంతే. నా విస్తట్లో ఇంకో గరిటెడు పులుసు వేసి వెళ్ళిపోయింది.

సెలవులకి బచేలి వెళ్ళినప్పుడు అదంతా అమ్మకు చెప్పాను. అమ్మ ఉప్మాకి రవ్వ వేయిస్తోంది. చెప్పి చెప్పి, "మనం కూడా ఒకసారి ఏటికి వెళ్ళొద్దామా అమ్మా" అన్నాను.

"ఏటికాడ ఎవులున్నారే?" అంది, రవ్వ కలుపుతూనే. "అక్కడ కలిపినోల్లు మీ సిన్నాన్నోలు. నాను కలపనేదు. మీ నాన్న ఇక్కడే ఉన్నాడు."

అమ్మ బాణలి దించి పక్కన పెట్టింది.

"ఆయన పోయినాక అందరూ వొచ్చి ఎలిపోదాం రమ్మన్నారు. మా అన్నయ్య నెల్లాళ్ళు కూకున్నాడు. నాను కదలనేదు. నువ్వు ఉద్యోగం కోసమనుకున్నావేటి?"

నిజంగా ఉద్యోగం కోసమనే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అమ్మ ఒంటరిగా, భాష పూర్తిగా రాని ఊళ్ళో, నా చదువు కోసం ఓర్చుకుని ఉందని లోలోపల బాధపడేదాన్ని. ఆ మధ్యాహ్నం కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. బయటివాళ్ళతో లేరనే చెప్పేది. ఇంట్లో మాత్రం ‘మీ నాన్నకి ఉల్లి పడదు’ అనేది, ‘పడేది కాదు’ అని ఎప్పుడూ అనలేదు. మా ఉప్మాలో ఏనాడూ ఉల్లిపాయ లేదు. అది మా ఇంటి రుచి అనుకున్నానే తప్ప ఎవరి కోసమని అడగలేదు.

జగదల్‌పూర్ వెళ్ళి ఇది నా స్నేహితురాలికి చెబితే, "అయితే మీయమ్మకు వాగు అక్కర పడలే" అంది.

చదువయ్యాక తను కోంటా దగ్గర ఒక బళ్ళో టీచరైంది. నేను మేం చదివిన కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. కిందటేడు అమ్మ రిటైరైంది. క్వార్టరు ఖాళీ చేసి నా దగ్గరికి రావాలి. ఎలా ఒప్పించాలో తెలియక వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆవిడ ఆ ఇల్లు ఎందుకు వదల్లేదో నాకు తెలుసు కదా. చివరికి నా స్నేహితురాలికి ఫోను చేశాను. సాయానికి తను సెలవు పెట్టి వచ్చింది.

మేం భయపడినట్టు ఏమీ జరగలేదు. అమ్మ గిన్నెలు కాగితాల్లో చుట్టింది, తులసి కుండీని వ్యానులో తన కాళ్ళ దగ్గర పెట్టించుకుంది, గదులు తుడిచింది. అందరం బయటికి వచ్చాం. అమ్మ గడప మీద ఒక కాలు పెట్టి, ఖాళీ ఇంట్లోకి చూసి, "నడండి" అంది. ఎవరినో పక్కకు తప్పుకుని రానిచ్చినట్టు కొంచెం ఒదిగి నిలబడింది. తర్వాత తాళం వేసింది.

మా ఇద్దరినీ ఎప్పుడూ ‘నడండే’ అంటుంది. ఆ ‘నడండి’ మాకు కాదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నా స్నేహితురాలు ముందు సీటులోకి వెళ్ళింది. నేను సామాన్ల మధ్య ఇరుక్కున్నాను. అమ్మ పక్కన ఖాళీ ఉన్నా అక్కడ కూర్చోలేదు.

గీదం దగ్గర టీకి ఆగాం. అమ్మ దిగలేదు. నేను గ్లాసు తెచ్చి కిటికీలోంచి అందిస్తే, చక్కెర ఎక్కువైందని సగం తాగి ఇచ్చేసింది. జగదల్‌పూర్‌లో తన గదికి పొద్దుటి ఎండ వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను.