రెండంగుళాలు లేచిన బండి

ఇరవై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి, గొంతు పాడయ్యాక మానేసి, యాప్రాల్‌లో చిన్న నర్సరీ పెట్టుకున్నాను. ఇక్కడా అందరూ నన్ను టీచరమ్మా అనే పిలుస్తారు. మొక్కలు తేవడానికీ, కొన్నవాళ్ల ఇళ్లకు చేర్చడానికీ ఒక పాత పికప్ బండి తీసుకున్నాను. నడపడం కూడా ఆ వయసులోనే నేర్చుకున్నాను.

నర్సరీకి వెళ్లే సందులో పైపుల కోసం తవ్వి, సరిగ్గా పూడ్చకుండా వదిలేశారు. వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. ఒకరోజు బండి నిండా కుండీలతో వస్తుంటే కింద ఏదో గట్టిగా తగిలింది. దిగి చూస్తే ఇంజిన్ ఆయిల్ ధారగా కారిపోతోంది. నా దగ్గర పనిచేసే అక్కా, నేనూ ఆ కుండీలన్నీ చేతుల మీద మోసి లోపలికి చేర్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

దాన్ని బాగుచేసిన మెకానిక్ ఈ దారికి బండి ఎత్తు పెంచుకోమన్నాడు. ఎత్తు పెంచే సామాను పూర్తి కిట్ నా స్తోమతకు మించింది. అందుకని ఫోన్‌లో చవక సామాను వెతుకుతూ కూర్చున్నాను. అప్పుడే మల్లె తీగ కోసం వచ్చిన ఒక పెద్దాయన నా భుజం మీదుగా ఫోన్‌లో ఆ సామాను బొమ్మ చూశాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు స్ప్రింగుల దగ్గరే పనిచేసి రిటైరయ్యానని చెప్పాడు.

"ఎంత లేపుదామనుకుంటున్నవ్ టీచరమ్మా?"

"నాలుగు అంగుళాలు అంకుల్."

"మొక్కల బండి తోలుతవా, సర్కస్ చేస్తవా? నాలుగు లేపితే మలుపుల కాడ ఒరుగుతది. రెండు చాలు. సామాన్ రానీ, మా ఇంటికాడ చేద్దాం."

"మీరు చేస్తారా?"

"నేను చెయ్య. చేతులు వణుకుతయ్, కన్ను మసకయింది. నువ్వే చేస్తవ్. నేను చెప్త."

నవ్వులాటకన్నాడనుకున్నాను. కానీ శనివారం పొద్దున మౌలాలిలో ఆయన ఇంటి ముందుకు బండి తీసుకెళ్లేసరికి జాకీలు, ఇనుప స్టాండ్లు, పాత దుప్పటి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించాడు. "జాకీని నమ్మి కిందికి దూరద్దు, స్టాండ్ పెట్టు" అని రెండుసార్లు చెప్పాడు.

వెనక చక్రాలను కలిపే యాక్సిల్‌కూ, విల్లులా వంగిన కమాన్ పట్టీల స్ప్రింగులకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి, పొడవాటి బోల్టులతో బిగించాలి. అంతకంటే ముందు పాత నట్లు ఊడాలి. అవి తుప్పు పట్టి కదలనన్నాయి. నూనె పోసి, టీ తాగి, స్పానరుకు ఒక పైపు తొడిగి, నా బరువంతా దాని మీద వేశాను. టక్కుమని మొదటి నట్టు వదిలినప్పుడు చిన్నపిల్లలా అరిచాను. ఆయన లోపలికి కేకేసి కోడలితో నాకు మంచినీళ్లు ఇప్పించాడు.

కళ్లు సరిగ్గా కనబడకపోయినా ఆయన చెవులకు అన్నీ తెలిసేవి. నేను బిగించిన బోల్టును సుత్తితో తట్టి వినేవాడు. "ఎడమ దిక్కుది ఇంక తిరుగుతది. జెర గుంజు" అనేవాడు. గుంజితే నిజంగానే తిరిగేది. ముందు చక్రాల స్ప్రింగుల పైన ఎత్తు బిళ్లలు పెట్టడం అయ్యేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మర్నాటి ఆరాధన కోసం చర్చికి నలభై కుండీలు ఆ సాయంత్రమే చేర్చాలి. ఆయన దగ్గరున్న బండి తాళం ఇవ్వమన్నాను.

"ఇయ్య. ఇంక కాలే."

"అన్నీ బిగించాం కదా అంకుల్! అక్కడ నాకోసం చూస్తుంటారు." నా గొంతు పెరిగింది.

ఆయన వెనక భాగాన్ని మళ్లీ జాకీతో లేపించి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా నన్ను కింద పడుకుని చూడమన్నాడు. బండి చట్రం నుంచి యాక్సిల్‌కు వచ్చే నల్లటి రబ్బరు గొట్టం దండెం తీగలా బిగుసుకుపోయి ఉంది.

"అది బ్రేక్ పైపు. గుంతల చక్రం జారినప్పుడు గిట్లనే గుంజుతది. ఒకనాడు తెగుతది. అప్పుడు నువ్వెన్ని లెక్కలు చెప్పినా బండి ఆగది బిడ్డా."

యాప్రాల్ దిగుడు రోడ్డూ, పక్క సీట్లో కూర్చునే అక్కా కళ్ల ముందు మెదిలారు. బండి కింద నుంచి జరిగి బయటికొచ్చాను. కోప్పడ్డందుకు ఏమనుకోవద్దన్నాను.

"నా బిడ్డ గూడ గిట్లనే కొట్లాడుతది" అని నవ్వాడు.

ఇద్దరం ఆటోలో వెళ్లి పొడుగు పైపు వెతికి తెచ్చాం. దాన్ని బిగించాక బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీయాలి. నేను సీట్లో, ఆయన చక్రం దగ్గర. "తొక్కు. పట్టి ఉంచు. ఇగ వదులు." అలా ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చివరికి పెడల్ కాలికింద రాయిలా నిలబడింది. అప్పుడు తాళం నా చేతిలో పెట్టాడు. కుండీలు ఆదివారం తెల్లవారాక చేరాయి. చర్చిలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

సోమవారం నర్సరీలో పనిచేసే అక్క బండి ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆవిడ నా భుజం దాకా కూడా రాదు. "ఏందీ టీచరమ్మా, గిది బండా, మేడనా? నేనెట్ల ఎక్కాలె?" అంది. ఫోన్‌లో ఈ మాట చెబితే పెద్దాయన పడిపడి నవ్వాడు. నాలుగు రోజులకు, నేను అడగకుండానే, తెలిసినవాళ్ల దగ్గర వెల్డింగ్ చేయించిన ఇనుప మెట్టు ఒకటి సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చాడు. దాన్నీ నా చేతే బిగింపజేశాడు.

చక్రాల అలైన్‌మెంట్ చేసినతను కిందికి తొంగి చూసి, "ఎవరు చేసిన్రు మేడమ్?" అని అడిగాడు. "ఒక పెద్దాయన చెబుతుంటే నేను చేశాను" అన్నాను. నా మొహం వంకా, బండి వంకా మార్చి మార్చి చూశాడు.

ఆ పనికి పెద్దాయన ఏమీ పుచ్చుకోలేదు. "రిటైరయినంక నన్ను పని గురించి అడిగినోళ్లు లేరు. నువ్వు అడిగినవ్, అది చాలు" అన్నాడు. నిజానికి నేను అడగలేదు, ఆయనే పిలిచాడు. ఆ సంగతి ఆయనకు గుర్తు చేయలేదు.

మొన్న కంటి ఆపరేషన్ అయ్యాక నర్సరీకి వచ్చాడు. వద్దంటున్నా వినకుండా టార్చి పట్టుకుని బండి కింద పడుకున్నాడు. ఒక్కో బోల్టూ చూశాడు. "నీట్‌గ చేసినవ్ బిడ్డా" అన్న మాట కింద నుంచి వినిపించింది. లేవడానికి చెయ్యి అందించాను. నిలబడ్డాక కూడా కాసేపు ఆ చెయ్యి వదల్లేదు, నేను.