చెంప మేస్త్రి

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడకి ప్రైమర్ వేసే ముందు ఈ పెయింటర్ దానికి చెంప ఆనించి చూస్తాడు. ముప్పై ఏళ్లుగా గరుకు కాగితం రుద్ది రుద్ది వేళ్లు మొద్దుబారిపోయాయి. తడి సంగతి ఇక చెంపే చెప్పాలి. అందుకే తోటివాళ్లకి ఆయన "చెంప మేస్త్రి".

ఆ రోజూ ఆనించాడు. చల్లగా తగిలింది. "గోడింకా పచ్చిగానే ఉందమ్మా. ఇంకో పదిహేను రోజులు ఆగితే..." ఇంటావిడ పూర్తి కానివ్వలేదు. "ఆదివారమే దిగుతున్నాం. ముద్దులు తర్వాత, ముందు వెయ్యవయ్యా!" అందరూ నవ్వారు, ఆయనతో సహా. గోడ మీది దుమ్ము గుడ్డతో తుడిచి, డబ్బా మూత తీశాడు. ఆర్నెల్లు తిరక్కుండా పొక్కులు లేస్తాయి, పెచ్చులూడతాయి, తిట్లు మాత్రం తనకే పడతాయి. ఎప్పుడూ జరిగేదే. అది తెలిసి కూడా, ఒక్క మూల కూడా వదలకుండా వేశాడు.