ఓబుళరెడ్డి సార్ కారుకు స్టీరింగ్ లూజు

పోయిన గురువారం నేను మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం కారును దొంగతనం చేసిన. నవ్వకుర్రి. చాయ్ తాగుకుంట ఇనుర్రి. దొంగతనం అని నేను అంటలేను, సెక్యూరిటీ వాళ్లు అన్నరు.

మొదటికెళ్లి చెప్తా. నాకు అనుమానం ఎక్కువని మీకు ఎరుకే. కూరగాయలామె తూకం వేస్తుంటే తక్కెడ కింద కూడా వంగి చూస్తా. ఇంట్ల మా స్వరూపకు ఇదంటే మంట. ఆమె రామంతాపూర్ల టీచరు. రోజూ బస్సులు ఎక్కి దిగి నడుము పోతున్నది, పాతదో గీతదో ఒక కారు చూడు అని ఎండాకాలం సంది అంటున్నది. నేను చూస్తనే ఉన్న! విద్యానగర్ల ఒకటి చూసిన. పెయింట్ కొత్తగ ఉన్నది. అంటే లోపల ఏదో దాస్తున్నరు, వద్దన్న. ముషీరాబాద్ల ఇంకోటి. పెయింట్ పాతగ ఉన్నది. అంటే బండిని పట్టించుకోలే, వద్దన్న. ఇంకొకాయన కూసోబెట్టి చాయ్ ఇచ్చిండు. అమ్మెటోడు ఊకెనే చాయ్ ఎందుకిస్తడు చెప్పుర్రి? తాగి వచ్చిన.

ఆఖరికి స్వరూప తేల్చి చెప్పింది. "ఈసారి గూడ అనుమానం మోసుకొని ఒట్టిచేతుల్తోని వస్తే, నేనే పోయి కంటికి కనవడ్డ బండి కొనుక్కుంట. నువ్వు మాత్రం దాంట్ల ఎక్కొద్దు. బస్‌స్టాప్ల నిలబడు."

గప్పుడే యూనివర్సిటీల మా ల్యాబ్‌ల ఓబుళరెడ్డి సార్ రిటైరై సొంతూరు ప్రొద్దుటూరు పోతా, కారు అమ్ముతా అన్నడు. పాత తెల్ల బండి. క్యాంపస్‌ల అసొంటియి బోలెడున్నయి.

"బండి బంగారమయ్యా మల్లేశూ! స్టీరింగు ఒక్క వేలితో తిప్పొచ్చు. ఏసీ వేస్తే దుప్పటి కప్పుకోవాల" అన్నడు సార్.

ఇగ నాకు మొదలైంది. గింత మంచిగుంటే ఎందుకు అమ్ముతున్నడు? ఊరికి తీస్కపోవచ్చు గదా? ముందురోజే ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాయితం అన్నీ ఫోన్ల తెప్పిచ్చుకున్న. పెద్దగ చేసి అక్షరం అక్షరం చూసిన. ఛాసిస్ నంబర్ గూడ నోటికొచ్చింది.

గురువారం సాయంత్రం ట్రయల్. సార్ నేనూ వస్తా పద అన్నడు. "వద్దు సార్, నేనొక్కన్నే పోతా" అన్న. ఎందుకంటే అమ్మెటోడు పక్కన కూసుంటే ముచ్చట్లు పెడ్తడు. ఆ ముచ్చట్లల్ల బండి చప్పుడు ఇనరాదు. ఇది నా సొంత పరిశోధన.

సార్ తాళంచెవి చేతుల పెట్టిండు. "భయపడాకు. బిల్డింగు ఎనకాల యాపచెట్టు కింద ఉంది, తెల్లది. నిదానంగా తిప్పుకోని రాపో."

పోయిన. యాపచెట్టు ఉన్నది, కింద తెల్లబండి ఉన్నది. తాళం పెడ్తే పడ్తలేదు. అటు ఆడిచ్చి ఇటు ఆడిచ్చి గుంజితే తెరుచుకున్నది. మొదటి పాయింట్: లాక్ ఖరాబు, సార్ చెప్పలే!

లోపల కూసున్న. అద్దానికి సిలువ వేలాడుతున్నది. ఓబుళరెడ్డి సార్ ఏటేటా తిరుపతి పోయి గుండు చేయించుకొని వచ్చే మనిషి. మరి సిలువ ఎందుకున్నది? దిమాగ్ గిర్రున తిరిగింది. ఈ బండి అసలు ఈయనది కాదు! ఎవరి దగ్గరనో సెకండ్ హ్యాండ్‌ల కొని, నాకు థర్డ్ హ్యాండ్ అంటగడుతున్నడు! వెనక సీట్ల చూస్తే పూలపూల ఆడోళ్ల గొడుగు. సార్ భార్య ప్రొద్దుటూర్లనే ఉంటది. అరెరే, సార్! ఈ వయసుల! అది మనకెందుకులే అనుకున్న. కానీ యాది పెట్టుకున్న.

ఏసీ వేసిన. వేడిగాలి కొట్టింది. దుప్పటి కాదు, తువ్వాల కావాలె.

ఇగ రోడ్డు మీదికొచ్చిన. అమ్మో! స్టీరింగ్ ఏందిది! ఇంత అటు తిప్పుతా, ఇంత ఇటు తిప్పుతా, బండికి పట్టింపు లేదు. దాని తొవ్వన అది పోతున్నది. ఇంకాస్త తిప్పితే అప్పుడు ఆలోచించుకొని తిరుగుతున్నది. స్పీడ్ బ్రేకర్ కాడ ముందట కెళ్లి టక్ టక్‌మని చప్పుడు. ఒక్క వేలితో తిప్పొచ్చట! రెండు చేతులు చాలుతలేవు నాకు.

బండి పక్కకు ఆపిన. దిగి, కిటికీల కెళ్లి చెయ్యి లోపలికి పెట్టి స్టీరింగ్ ఆడిచ్చుకుంట, మెడ వంచి ముందు చక్రం చూసిన. స్టీరింగ్ ఊగుతున్నది, చక్రం కదుల్తలేదు. వాకింగ్ కొచ్చిన ఒక పెద్దాయన ఆగి, "ఏం బాబూ, చెయ్యి ఇరుక్కున్నదా?" అని అడిగిండు. "లేదండి, మోసం బయటపడ్డది" అన్న. ఆయన జల్ది జల్ది నడ్చుకుంట పోయిండు.

తార్నాకల సందుల యాదగిరి అని మెకానిక్ ఉన్నడు. ఓబుళరెడ్డి సార్‌కు ఎరుకలేని మెకానిక్ కావాలని వెతికి మరీ ఆడికి పోయిన. యాదగిరి జాకీ పెట్టి ముందు చక్రం లేపిండు. అటొక చెయ్యి ఇటొక చెయ్యి పెట్టి ఊపిండు. కటకట కొట్టుకున్నది.

"అన్నా, ఈ బండి ఎవరు నడుపుతున్నరే?" అన్నడు.

"ఎందుకు?"

"మనిషైతే నడుపుతలేడు, ఆ అద్దానికున్న దేవుడే నడుపుతున్నడు. టై రాడ్ ఎండ్ ఖతమైంది. స్టీరింగ్‌కూ చక్రానికీ నడుమ కీలు అన్నట్టు. ఇది ఊడితే నువ్వు ఇటు తిప్పుతవ్, చక్రం అటు పోతది."

నాకు మల్ల అనుమానం. మెకానిక్కులు చెప్పింది చెప్పినట్టు నమ్ముతామా? "ఇప్పి చూపియ్" అన్న.

"ఇప్పితే మల్ల అదే పెట్టరాదన్నా. కొత్తది తెప్పియ్యాలె. రేపటిదాక బండి కదలదు."

"ఇప్పు!"

చక్రం ఊడదీసిండు, ఆ కీలు ఇప్పి నా చేతుల పెట్టిండు. నిజమే. పైన రబ్బరు చినిగింది, లోపల గుండు ఊడబోయే పన్ను తీరుగ ఊగుతున్నది.  దీంట్ల నా పెండ్లాం రోజూ రామంతాపూర్ పోవాల్నా? ఏమన్న అయితే?

ఆ కోపంల ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టిన. చక్రం లేని బండి, చేతుల కీలు, అద్దానికి సిలువ, వెనక సీట్ల గొడుగు, అన్నీ మంచిగ తిప్పి చూపిచ్చిన. కామెంటరీ గూడ ఇచ్చిన: "మిత్రులారా! మన ఓబుళరెడ్డి సార్ బంగారం అని అమ్ముతున్న బండి ఇదే! ప్రాణాలు తీసే బండి! ఆ గొడుగు ఎవరిదో మాత్రం నన్ను అడగకండి!" డిపార్ట్‌మెంట్ గ్రూపుల పెట్టిన. పెట్టి, చాయ్ ఆర్డరిచ్చిన.

చాయ్ రాకముందే సార్ వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఏమయ్యా మల్లేశూ, నీకేమన్నా మతి పోయిందా? అది నా బండి కాదప్పా! నా బండి ఈడ్నే, చెట్టుకు అవతల పక్క ఉంది. నేను దానికి ఆనుకోని మాట్లాడ్తాండా!"

"చూసినవా యాదగిరీ!" అన్న. "దొరికిపోయినంక నా బండే కాదంటున్నడు!"

గంతల గ్రూపుల ఇంకో మెసేజ్ పడ్డది. రూత్ మేడం. మా హెడ్. నా లీవ్ మీద, నా సర్వీస్ రిపోర్ట్ మీద సంతకం పెట్టే మేడం.

"ఆ సిలువ నాది మల్లేశ్."

నేను దాన్నే చూస్తున్న. కింద ఇంకోటి వచ్చింది.

"గొడుగు కూడా."

 మెల్లగ బండి వెనకకు పోయిన. ఫోన్ల ఆర్సీ తెరిచిన. నంబర్ ప్లేట్ చూసిన. ఆర్సీ చూసిన. ముందటి అక్షరాలు తప్ప ఒక్కటి కలిస్తే ఒట్టు! అన్ని కాయితాలు చూసినోన్ని, తక్కెడ కింద చూసేటోన్ని, బండి వెనక ఉన్న గంత పెద్ద నంబర్ చూడలే!

"గట్లెట్ల తెరుచుకున్నది, స్టార్ట్ గూడ ఎట్లైంది తమ్మీ?" అన్న యాదగిరితోని.

"పాతబండ్లు గదన్నా, తాళాలు అరిగిపోతయ్. ఒకే కంపెనీదైతే దీని చెవి దానికి, దాని చెవి దీనికి పడ్తది" అని వాడు నా చాయ్ తాగిండు.

ఫోన్ మోగింది. మేడం. "మల్లేశ్, వెంటనే నా కారు తీసుకురా. పోయిందనుకుని సెక్యూరిటీ వాళ్లతో కంప్లైంట్ రాయిస్తున్నాను."

"తెస్తా మేడం, కానీ..."

"కానీ ఏంటి?"

"చక్రం ఇప్పిన మేడం."

యాడున్నవో అడిగి ఫోన్ పెట్టేసింది. 

ఆఖరికి మేడమే వచ్చింది. దేంట్ల వచ్చిందనుకున్నరు? ఓబుళరెడ్డి సార్ కారుల! సార్ కోపంల బండి ఎటు తోల్తడో అని, ఆయన రెండో తాళంచెవితోని ఆమెనే నడుపుకుంట వచ్చింది. తార్నాక ట్రాఫిక్‌ల, ఆ ఇరుకు సందుల, నిజంగనే ఒక్క వేలితో మలిపింది. దిగేటప్పుడు చూసిన, కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నది. ఏసీ!

నేను నోరు తెరవకముందే మేడం నా చేతులకెళ్లి ఆ కీలు తీసుకొని ఊపి చూసింది. మొఖం మారింది. "ఎన్నాళ్ల నుంచో స్టీరింగ్ అట్లనే ఉంది. పాత బండి కదా, అంతేలే అని అలవాటు పడిపోయాను. ప్రతి ఆదివారం మా వాళ్లందరినీ ఎక్కించుకుని దీంట్లోనే చర్చికి పోతున్నాను." కీలు యాదగిరికి ఇచ్చింది. "మంచి పనే చేశావు మల్లేశ్. కానీ అడిగి చేసుంటే బాగుండేది."

అమ్మయ్య అనుకున్న. గంతల ఆమె సార్ దిక్కు తిరిగింది. "సార్, మీ బండి మల్లేశ్‌కు ఇస్తున్నారా?"

"వీనికా? ఈ జన్మలో ఇయ్యను మేడం! గొడుగు పేరు చెప్పి నా పరువు తీసినాడు! ప్రొద్దుటూరు దాకా పోయింది ఆ వీడియో, నా భార్య రెండుసార్లు ఫోన్ చేసింది!"

"అయితే నేను తీసుకుంటాను."

నా కండ్ల ముందటనే బేరం కుదిరింది. బంగారం లాంటి బండి మేడంకు పోయింది. యాదగిరి బిల్లు నాకొచ్చింది.

ఇంటికి పోయేసరికి స్వరూప వీడియో చూసి ఉన్నది.  తెల్లారి స్కూల్ కెళ్లి సక్కగ యాదగిరి షెడ్డుకు పోయింది, కొత్త కీలు వేసిన మేడం బండిని నడిపి చూసింది, మేడంకు ఫోన్ చేసి ఖాయం చేసేసింది!

"గదేంది? గా లూజు బండా?" అన్న.

"స్టీరింగ్ ఇప్పుడు మంచిగున్నది. మిగతాది ఏం బాగుందో ఏం ఖరాబున్నదో నువ్వే వీడియో తీసి ఊరందరికి చూపిచ్చినవ్. ఇంక అనుమానానికి జాగ యాడున్నది?" అన్నది. 

మేడం తన సిలువ, తన గొడుగు తీసుకొని బండి ఇచ్చింది. కథ ఒడిసింది అనుకున్న. కానీ నాకు ఒకటే రంది. ఓబుళరెడ్డి సార్ తాళంచెవి ఇప్పుడు మేడం దగ్గరున్నది. దాంతోని నా బండి తెరుచుకుంటది!

నిన్న స్వరూపకు సెలవని బండి నేను క్యాంపస్‌కు తీస్కపోయిన. అదే యాపచెట్టు కింద పెట్టిన. రెండుమాట్ల గుంజి చూసి మరీ తాళమేసిన. సాయంత్రం ఇంటికొచ్చి స్వరూపను ఎక్కిచ్చుకొని తార్నాక మార్కెట్‌కు బయల్దేరిన. సంచి పెడ్దామని ఆమె వెనక్కి తిరిగింది. తిరిగి, నన్ను చూసింది.

తాళమేసిన బండిల, వెనక సీట్ల, పూలపూల గొడుగు.

"ఇది ఎవరిది?" అన్నది.

"మేడందే! పొరపాటున మన బండి తెరిచి పెట్టినట్టున్నది!"

నా పెండ్లాం ఆ గొడుగు తీసి ఒళ్లె పెట్టుకొని, అచ్చం నేను కూరగాయలామె తక్కెడను చూసినట్టే నన్ను చూసింది.

"ఎవరిదో అడగకండి అని అప్పుడే చెప్పినవ్ గదా" అన్నది. "నేను అడుగుతున్న. బండి పక్కకు ఆపు."