గాయపాకు మీద నమ్మకం

1998లో కిరణ్మయి గచ్చిబౌలి దగ్గర యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ, నల్లగండ్లలో లింగమూర్తి ఇంటి వెనక గది కిరాయికి తీసుకుని ఉండేది. సొంతూరు కాకినాడ వైపు. లింగమూర్తి టిప్పర్ డ్రైవరు. మాదాపూర్‌లో గుట్టలు పేల్చి సాఫ్ట్‌వేర్ ఆఫీసులు కడుతుంటే అక్కడి రాళ్లు మోసేవాడు. ఆయన భార్య సత్తెమ్మ, ఇంత జొన్నరొట్టె తినిపించకుండా కిరణ్మయిని గడప దాటనిచ్చేది కాదు.

కిరణ్మయి పరిశోధన గాయపాకు మీద. రోడ్ల పక్క గడ్డిలో పాకే మొక్క అది. దాని సారం చీము పట్టించే బాక్టీరియాను ఎలా దెబ్బతీస్తుందో తేల్చాలి. సారం తగిలిన బాక్టీరియాలోంచి, తగలని దాంట్లోంచి ప్రోటీన్లు తీసి, జెల్ మీద విడదీసి, నీలం రంగు పట్టించి పోల్చేది. అవి గీతలు గీతలుగా కనిపించేవి. నెలల తరబడి తేడా ఏమీ లేదు. చివరికొకసారి, సారం తగిలిన వరసలో కొన్ని గీతలు దాదాపు మాయమయ్యాయి.

ఆ జెల్‌ను ఫొటో తీసి ఇంటికి తెచ్చి అందరికీ చూపించింది.

“గీ గీతలేంది బిడ్డా?” అన్నాడు లింగమూర్తి.

“పురుగు ఒంట్లోని ప్రోటీన్లండి. ఆకు సారం తగిలేసరికి ఇవి పోయాయి.”

“అంటే పురుగు సచ్చినట్టేనా?”

తేలవలసింది ఇంకా చాలా ఉందని ఆమెకు తెలుసు. కానీ ఆ సంతోషంలో, “చచ్చినట్టేనండి” అనేసింది.

వానాకాలంలో ఆయన కుడి పాదం మీద రాయి పడింది. చిన్న దెబ్బే అన్నాడు. ఆయనకు షుగర్ ఉందని తెలిసి కూడా కిరణ్మయి పట్టించుకోలేదు. పేపరు రాసే హడావుడిలో ఉంది. కొన్నాళ్లకు వాకిట్లో ఆయన పక్కనుంచి వెళ్తుంటే వాసన కొట్టింది. బలవంతాన కట్టు విప్పించింది. వేళ్లు నల్లబడ్డాయి. వాటి మీద నూరిన గాయపాకు ముద్ద ఉంది.

“దవాఖానకు ఎందుకు వెళ్లలేదండీ?”

“నువ్వే ఫొటోల సూపిస్తివి గద బిడ్డా,” అంది సత్తెమ్మ అమాయకంగా.

ఆటోలో తీసుకెళ్లారు. డాక్టర్లు బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు.

కిరణ్మయి ఆ ఆకునే సత్తెమ్మ నూరినట్టు నూరి ల్యాబ్‌లో పరీక్షించింది. బాక్టీరియా హాయిగా పెరిగింది. ల్యాబ్‌లో వాడినది, బుట్టలకొద్దీ ఆకును మెథనాల్‌లో నానబెట్టి చిక్కగా తీసిన సారం. పచ్చి ఆకూ అదీ ఒకటి కాదని ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఆ ముక్క చెప్పలేదు, అంతే.

లింగమూర్తి దగ్గర కూర్చుని అంతా చెప్పి ఏడ్చింది. “నువ్వు పెట్టుకొమ్మన్నవా? నేనే పెట్టుకున్న. ఫికర్ జెయ్యకు,” అన్నాడాయన. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

బ్రేకు మీద కాలు నిలవక ఆయన టిప్పర్ మానేసి, మాదాపూర్‌లో కట్టుబడి పనుల దగ్గర పాన్ డబ్బా పెట్టాడు. ఒక సాయంత్రం కిరణ్మయి అటు వెళ్లింది. చేతికి రేకు కోసుకున్న కూలీ ఒకతను డబ్బా ముందు నిలబడి ఉన్నాడు.

“గాయపాకు పెట్టు. మా కిరాయికున్న పిల్ల యూనివర్సిటీల పరీక్ష జేసింది. నాకు షుగర్ ఉండబట్టి గిట్లయింది గాని, ఆకు తప్పేం లేదు,” అంటున్నాడు లింగమూర్తి.

నలుగురిలో ఆయన మాట తీసెయ్యడం ఎలా? కానీ ఆ కూలీ చేతినుంచి నెత్తురు కారుతూనే ఉంది.

“ఆ పిల్ల నేనేనండి. పచ్చి ఆకు పని చెయ్యదు. నేను తప్పు చెప్పాను. ఈయన వేళ్లు పోయింది అందుకే. మీరు దవాఖానకు వెళ్లండి,” అంది.

కూలీ ఇద్దరి వంకా చూసి వెళ్లిపోయాడు. లింగమూర్తి తల దించుకుని తమలపాకులు తుడవసాగాడు. “గంత మందిల అనాల్నా?” అన్నాడు.

ఆయన మళ్లీ ఎవరికీ ఆ ఆకు చెప్పలేదు. సత్తెమ్మ రొట్టె పెడుతూనే ఉంది గానీ, లింగమూర్తి కిరణ్మయిని బిడ్డా అని పిలవడం మానేశాడు. అది తనకు రావలసిందేనని కిరణ్మయి ఊరుకుంది.