దాతల జాబితా వచ్చిన ఉదయం

రక్తనిధిలో కంప్యూటర్ల పని చూసే ఆవిణ్ణి అందరూ అనుమానాలక్క అంటారు. "మా కోడలు కొళాయి నీళ్ళలోనూ నీళ్ళు కలిపారేమోనని చూస్తుంది" అని అత్తగారి ఎగతాళి. మూడేళ్ళ కిందట బిల్లనుకుని ఓ ఫైలు తెరిచింది తనే. రికార్డులన్నిటికీ తాళం పడిపోయింది. పదకొండు రోజులు కాగితాల మీదే పని నడిచింది. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజు పొద్దున పది దాటింది. ఎదురు ఆస్పత్రిలో ఒక నిండు గర్భిణికి ఆపరేషన్ చెయ్యాలి, సాయంత్రం దాటితే ఆపలేమంటున్నారు. ఆమెది ఎక్కడా దొరకని గ్రూపు. పక్క ఊరి రక్తనిధి వాళ్ళు ఆ గ్రూపు దాతల జాబితా పంపుతామన్నారు. అన్నట్టే మెయిల్ వచ్చింది. కానీ పట్టికలా కనిపిస్తున్న ఆ ఫైలు పేరు చివర ఉన్నది పట్టిక గుర్తు కాదు, ప్రోగ్రాం గుర్తు.

"తెరవమ్మా! ఆలస్యం అమృతం విషం" అన్నాడు రక్తనిధి డాక్టరు వెనక నిలబడి.

"తెరిస్తేనే విషం కావచ్చు డాక్టరుగారూ."

గోడ మీద రాసుకున్న, పక్క ఊరి రక్తనిధి పాత నంబరుకి ఫోన్ చేసింది. ఎంగేజ్. ఒక్కో ఫైలుకీ వేలిముద్ర లాంటి ఓ పొడుగాటి సంఖ్య ఉంటుంది. దాన్ని తీసి, దొంగ ఫైళ్ళ చిట్టా ఉన్న సైటులో వెతికింది. 'ఇంతవరకు ఎవరూ చూడలేదు' అని వచ్చింది.

"అంటే మంచిదేగా?"

"కొత్త దొంగకి పోలీస్ స్టేషన్‌లో ఫొటో ఉండదు కదండీ."

మూలనున్న పాత కంప్యూటరుకి నెట్ తీగ పీకేసింది. అందులో ఉత్తుత్తి ఫైళ్ళు నాలుగు పెట్టి, మెయిల్లో వచ్చిన ఫైలుని కొత్త పెన్‌డ్రైవ్‌లో తెచ్చి తెరిచింది. తెర మీద పేర్లు, ఫోన్ నంబర్లు వరసగా వచ్చాయి.

"జాబితాయేనమ్మా! అనవసరంగా ఇరవై నిమిషాలు..." డాక్టరు పెన్ను తీశాడు.

"ఆగండి."

తెర మీంచి చూపు తీయలేదు. ఉత్తుత్తి ఫైళ్ళలో మొదటిదాని పేరు మారిపోయింది. తర్వాత రెండోది. మూడేళ్ళ కిందట తాళం పడిందీ ఇలాగే. ఆమె మళ్ళీ ఫోన్ కలిపింది. ఈసారి అవతల గుమాస్తా ఎత్తాడు.

"జాబితానా? ఇంకా టైప్ చేస్తూనే ఉన్నానక్కా. నేనేం పంపలేదే!"

"మీ మెయిల్లో ఎవరో దూరారు తమ్ముడూ. ముందు అన్ని కంప్యూటర్లకీ నెట్ తీగలు పీకెయ్. ఊఁ, కానీ! నేను లైన్లోనే ఉంటా."

కుర్చీలు జరిగిన చప్పుడు, పరుగులు. రెండు కంప్యూటర్లు అప్పటికే పోయాయట. దాతల వివరాలున్నది మాత్రం దక్కింది. గుమాస్తా ఆయాసపడుతూ ఒక్కో నంబరూ చదివాడు, ఆమె రాసుకుంది, డాక్టరు ఫోన్లు చేశాడు. నాలుగో నంబరు, ఒక వెల్డరు, "పని ఆపి వస్తున్నానండీ" అన్నాడు. ఏడో నంబరు ఒక టీచరమ్మ, ఆవిడా సరేనంది.

సాయంత్రం ఆపరేషన్ జరిగింది. తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చేసరికి అనుమానాలక్క పాత కంప్యూటరు ముందు కూర్చుని, దాన్ని మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటినుంచి సిద్ధం చేస్తోంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.