తేదీ తీసేసిన పేజీ

2006 జూన్‌లో నన్ను అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా వనపర్తి ఆఫీసుకు వేశారు. మా శాఖకు గద్వాలలోనూ, నాగర్‌కర్నూల్‌లోనూ ఆఫీసులుండేవి. మూడింటికీ కలిపి ఒకటే సర్వర్, అది నా గదిలో ఉండేది. సర్వర్ అంటే తక్కిన కంప్యూటర్లు అడిగిన కాగితాన్ని వెతికి ఇచ్చే యంత్రం. రికార్డు రూము గుమస్తా చేసే పనే చేస్తుంది, కాకపోతే మాటిమాటికీ చాయ్‌కి పోదు.

సెలవులు వస్తే ఎక్కడికి పోవాలన్న చర్చ మా ఆఫీసులో ఏటా చాయ్ దగ్గర పుట్టి చాయ్ దగ్గరే పోయేది. ఎవరో ఒక మంచి చోటు చెబుతారు, ఎవరూ రాసుకోరు. చూసి చూసి విసుగెత్తి, ఆ చలికాలం నేనే ఒక పేజీ తయారు చేశాను. బయటి కంపెనీల దగ్గర స్థలం కొనకుండా మా సర్వర్ మీదే నడిపాను. ఉద్యోగులెవరైనా తమ పేరుతో ఒక చోటును అందులో చేర్చవచ్చు. ఏ బస్సెక్కాలి, ఏం చూడాలి, పిల్లలతో పోవచ్చా లేదా అన్నీ రాయవచ్చు. చదివినవారు నచ్చిందని మీట నొక్కుతారు. ఎక్కువమందికి నచ్చినది పేజీలో పైకి వస్తుంది. ఒకసారి రాసినదాన్ని మార్చే అధికారం మాత్రం అడ్మినిస్ట్రేటర్‌కే, అంటే నాకే ఉంచుకున్నాను. అందరి చేతికీ ఇస్తే పేజీ సంతలా తయారవుతుందని నా భయం.

దానికి ‘పోదాం పాండ్రి’ అని పేరు పెట్టింది జీపు డ్రైవర్ బాలస్వామి. అయిజ ఊరి మనిషి. కంప్యూటర్ ముట్టేవాడు కాదు. నా కుర్చీ వెనక నిలబడి ఒక్కో చోటు గురించి చదివించుకునేవాడు. “సార్లను ఊరూరు తిప్పుత గని, మా ఇంటామెకు ఒక్క ఊరు సూపియ్యలే మేడం” అనేవాడు.

అప్పటి మానిటర్లు చిన్నవి. ఒక్కో చోటు పక్కన, అది రాసిన తేదీ కూడా వస్తే వరుస విరిగి రెండో లైనులోకి పోయేది. నాకు మొదటినుంచీ పని ఒద్దికగా ఉండాలి. ఆ తేదీ గడిని తెర మీదనుంచి తీసేశాను. తేదీ సర్వర్ లోపలి పట్టికలో భద్రంగానే ఉంది, చదివేవాళ్లకే కనబడదు. పేజీ ముచ్చటగా ఉందని ఆఫీసరు మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా.

మరుసటి మే నెలలో సీనియర్ అసిస్టెంట్ ఖాజా గారు సోమశిల గురించి రాశారు. కొల్లాపూర్ నుంచి దగ్గరే, గుడి చూడవచ్చు, పడవ ఎక్కవచ్చు, ఆఖరి మెట్టు దిగితే నీళ్లు మోకాలి లోతే, పిల్లలకు మస్తు అని. ఎండాకాలంలో అది అక్షరాలా నిజం. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచే నది జలాలు తగ్గి, మెట్లన్నీ బయటపడతాయి. వానల తరువాత అవే జలాలు పైకెక్కి, మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి. మే నెల గడిచిపోయినా ఆయన రాసినదే పేజీలో అన్నిటికన్నా పైన నిలిచింది.

ఆగస్టులో ఖాజా గారు ఆఫీసు పని మీద కొల్లాపూర్ వెళ్లివచ్చి నేరుగా నా గదికి వచ్చారు. “మేడం, సోమశిలల నీళ్లు గుడి దిక్కు ఎక్కినయ్. నేను రాసింది ఇప్పుడు తప్పు అయితది. జర అది తీసెయ్యుండ్రి” అన్నారు. నెలాఖరు లెక్కల రిటర్నులు పై ఆఫీసుకు పంపాక చూస్తానన్నాను. రిటర్నులు పోయాయి. ఆ మాట కూడా నా తలలోంచి పోయింది.

కార్తీకంలో బాలస్వామికి రెండు రోజుల సెలవు దొరికింది. పేజీలో పైనున్న చోటును ప్రింటు తీసి ఇమ్మని అడిగాడు. తీసి ఇచ్చాను. నా చేతులతో ఇచ్చాను. ఖాజా గారి మాట అప్పుడైనా గుర్తుకు రావాలి కదా, రాలేదు.

బాలస్వామి సోమశిలను అంతకుముందు చూసినవాడు కాదు. నీటి పైన నాలుగు మెట్లే కనబడ్డాయి. మెట్లు అంతేనని, అవతల మోకాలి లోతేనని అనుకున్నాడు. భార్య నర్సమ్మను, కూతురిని పైమెట్టు మీదే ఉండమని, ముందు తాను దిగి చూస్తానన్నాడు. పాచిపట్టిన మెట్టు మీద కాలు జారింది. ఈత రాదు. పడవవాళ్లు బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

దినాలు కాకముందే ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. రాసింది ఖాజా పేరుతో ఉంది కదా, నేనిచ్చిన ప్రింటు మీద కూడా. “మన తీర్థం సంగతి గాయనకేం ఎర్క? తెల్వనిది రాసుడెందుకు?” అని ఒక గుమస్తా అందరి ముందే అన్నాడు. ఆ మాటకు నా ఒళ్లు మండింది, అయినా నోరు మెదపలేదు. ఖాజా గారు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, నా పేరు ఎత్తనేలేదు. మధ్యాహ్నం అందరితో కలిసి తినడం మానేసి, గద్వాలకు బదిలీ కోరుతూ అర్జీ పెట్టుకున్నారు. నేను సర్వర్ తెరిచి చూశాను. రాసిన తేదీ పట్టికలో చక్కగా ఉంది. నిజం తెలిసినవాళ్లం ఆయనా నేనూ, ఇద్దరమే. ఆయన చెప్పరని నాకు అర్థమైంది. పదకొండు రోజులు పిరికిదానిలా ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం, అంతకన్నా తలవంపుల భయం.

పన్నెండో రోజు సిబ్బంది సమావేశంలో లేచి మూడు సంగతులూ చెప్పాను. తేదీ తీసేసింది నేను. తాను రాసింది తీసెయ్యమని ఆగస్టులోనే ఖాజా గారు అడిగితే పక్కన పెట్టింది నేను. ప్రింటు ఇచ్చింది నేను. అదే రాసి ఆఫీసరుకు ఇచ్చాను. శాఖాపరమైన విచారణ జరిగింది, ఒక ఇంక్రిమెంటు ఆపారు. అది తక్కువే.

సమావేశం జరిగిన సాయంత్రమే ఖాజా గారిని వెంటబెట్టుకుని నర్సమ్మ ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లోనే ఆగిపోయారు. నేను లోపలికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆమె ఏడవలేదు.

“మా ఆయినను తీస్కొస్తరా మేడం మీరు? తేలేరు. గది నాకెర్కనే” అంది. “గని ఇన్ని దినాలు నేను పొద్దుగాల లేస్తే ఖాజన్నకు శాపనార్థాలు పెట్టిన. నా బిడ్డతోని గుడ పెట్టిచ్చిన. గదన్న ఆపకపోతిరా మీరు?”

ఆమె లేచి వాకిట్లోకి వెళ్లి, “లోపలికి రా అన్నా” అని ఖాజా గారిని పిలిచింది.

ఆ తరువాత ఇంకా చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. నేను తయారు చేసిన ఏ పేజీలోనూ తేదీ లేకుండా ఒక్క వాక్యం కనబడనివ్వలేదు. రాసినవారు తమ మాటను తామే వెనక్కి తీసుకునే వీలు మొదటి రోజే పెట్టాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ రెండూ నేర్పడం సులువే. మూడోది ఏ యంత్రంలోనూ పెట్టలేం. తప్పు మనదని తెలిసిన రోజే చెప్పాలి. నేను పన్నెండో రోజు చెప్పాను. ఆ పదకొండు రోజుల్లో ఒక తల్లి తన బిడ్డ చేత, ఏ తప్పూ చేయని మనిషికి శాపం పెట్టించింది.